బాపుకు కీళ్లవాతం, ఇప్పుడు ఛాతీలో నీరు: టీబీ అంటున్నారు, కానీ నీళ్ల రిపోర్టులో గ్లూకోజ్ 18

భూపాలపల్లి బిడ్డ:

అందరికీ నమస్తే. మా బాపు గురించి అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

బాపుకు 63 ఏళ్లు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, భూపాలపల్లి కేటీకే బాయిల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు హన్మకొండలో మా దగ్గరే ఉంటున్నాడు. పదేళ్లకు పైగా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉంది. ఆ జబ్బుకు చేసే రక్తపరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ బాగా ఎక్కువ. ఆదివారం ఆదివారం మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, అది వేసుకోని రోజుల్లో ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. వేళ్లు కొంచెం వంకర పోయాయి గానీ తన పని తాను చేసుకుంటాడు, పొద్దున్నే పబ్లిక్ గార్డెన్ దాకా నడిచి వస్తాడు. రెండు మోచేతుల వెనకా గట్టి బుడిపెలు ఉన్నాయి, నొప్పి ఉండదు. బీడీలు చాలా ఏళ్లు తాగాడు, మా పాప పుట్టినప్పుడు మానేశాడు.

పోయిన నెల కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గట్టిగా గాలి పీలిస్తే పోటు. ఆ తర్వాత దమ్ము. పబ్లిక్ గార్డెన్ నడక ఆగిపోయింది, ఇప్పుడు మెట్లెక్కి పైకి రావాలన్నా మధ్యలో నిలబడుతున్నాడు. ఎక్స్‌రే తీస్తే కుడివైపు నీరు చేరిందన్నారు. సూదితో లీటరు దాకా తీశారు, వెంటనే దమ్ము తగ్గింది.

నీళ్ల రిపోర్టు ఇది: పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, మడ్డిగా ఉంది. ప్రొటీన్ 5.4, గ్లూకోజ్ 18, ఎల్‌డీహెచ్ 1,350, ఏడీఏ 61, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) 65 శాతం. టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష నెగటివ్. క్యాన్సర్ కణాలు లేవు. అదే రోజు రక్తంలో షుగర్ 112. సీటీలో నీటితో పాటు కుడి ఊపిరితిత్తి అంచున రెండు మూడు బుడిపెలు, పెద్దది ఒకటిన్నర సెంటీమీటర్లు అని రాశారు.

ఏడీఏ 61 ఉంది కాబట్టి టీబీ, ఆరు నెలల కోర్సు రేపే మొదలుపెడదాం అన్నారు ఇక్కడి డాక్టర్ గారు. గ్లూకోజ్ 18 పక్కన ల్యాబ్ వాళ్లు స్టార్ గుర్తు పెట్టారు, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. కీళ్ల డాక్టర్ గారు హైదరాబాద్‌లో ఉంటారు, అపాయింట్‌మెంట్ వచ్చే వారం.

కోర్సు మొదలుపెట్టాలా, ఆగాలా? ఈ ఆదివారం మెథోట్రెక్సేట్ వేయాలా? ఇంకొకటి. టీబీ అన్న మాట చెవిన పడినప్పటి నుంచి అమ్మ బాపుకు గ్లాసు, పళ్లెం వేరే పెట్టింది. పాపను దగ్గరికి రానివ్వడం లేదు. బాపు ఏమీ అనడు, టీవీ వైపు చూస్తూ కూర్చుంటాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పరకాల నుంచి:

చెల్లే, భయపడకు. మా తమ్మునికి అచ్చం ఇట్లనే ఊపిరితిత్తికి నీరు పట్టింది. వానికి కూడా ఏడీఏ ఎక్కువే వచ్చింది. ఆరు నెలలు గోలీలు మింగిండు, ఇప్పుడు దుక్కి దున్నుతుండు. ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టండి. మందులు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తరు.

కేఎంసీ పాత విద్యార్థి:

నేను వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో చదివాను. ఛాతీ జబ్బుల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు, అది చెప్పను. కానీ మీ రిపోర్టు చదివాక ఊరుకోలేకపోయాను.

పరకాల అన్న చెప్పింది వాళ్ల తమ్ముడి విషయంలో సరైనదే. మన దగ్గర టీబీ ఎక్కువ. కుర్రవాడికి ఒకవైపు నీరు చేరి, ఏడీఏ 40 దాటి, లింఫోసైట్లు ఎక్కువ ఉంటే చాలాసార్లు అది టీబీయే. కానీ ఏడీఏ టీబీ క్రిమి వదిలే పదార్థం కాదు, అది మన తెల్లకణాల్లో ఉండే ఎంజైమ్. ఆ కణాలు ఎక్కడ గుమిగూడి రెచ్చిపోతే అక్కడ పెరుగుతుంది. చీము పట్టినా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా, కీళ్లవాతం ఊపిరితిత్తి పొరకు పాకినా పెరుగుతుంది. కాబట్టి కీళ్లవాతం ఉన్న మనిషిలో ఏడీఏ ఒక్కదాన్ని పట్టుకుని టీబీ అని ముద్ర వేయకూడదు.

ఇక ఆ స్టార్ గుర్తు. రక్తంలో 112 ఉన్నప్పుడు పొరలో నీటిలో 18 ఉండటం మామూలు సంగతి కాదు. టీబీ నీటిలో కూడా గ్లూకోజ్ కొంత తగ్గుతుంది. 30 కంటే కిందికి పడిపోతే మాత్రం మాకు ముందుగా గుర్తొచ్చేవి రెండు: చీము, కీళ్లవాతం. కీళ్లవాతంలో ఆ పొర వాచి మందమవుతుంది, రక్తం నుంచి గ్లూకోజ్ లోపలికి సరిగా రాదు, వచ్చిన కాస్తా అక్కడి కణాలు వాడేసుకుంటాయి. కణాలు దెబ్బతింటే పెరిగే ఎల్‌డీహెచ్ 700 దాటడం, నీటి ఆమ్లగుణం చెప్పే పీహెచ్ 7.3 కంటే తగ్గడం కూడా ఇందులో తరచూ చూస్తాం. మీ రిపోర్టులో పీహెచ్ లేదు. మళ్లీ నీరు తీస్తే, హెపారిన్ ఉన్న సిరంజిలో గాలి చొరబడకుండా తీసి, వెంటనే రక్త వాయువులు చూసే ఏబీజీ మెషీన్ మీద పెట్టమని అడగండి. కాగితం ముంచి రంగు చూసే పద్ధతి దీనికి పనికిరాదు.

అన్నిటికంటే ముందు చీము కాదని తేలాలి. చలి జ్వరం ఉందా? నీటికి వాసన ఉందా? మామూలు బ్యాక్టీరియా కోసం గ్రామ్ స్టెయిన్, కల్చర్ పంపారా? కీళ్లవాతం నీటిలో తర్వాత చీము పట్టడం కూడా ఉంది, పైగా ఆయన రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మీద ఉన్నారు. చీమే అయితే వచ్చే వారం దాకా ఆగే పని కాదు, పైపు వేయాలి.

కీళ్లవాతం ఆడవాళ్లలో ఎక్కువ. కానీ దాని వల్ల ఛాతీలో నీరు చేరడం మగవాళ్లలో ఎక్కువ, అందులోనూ మోచేతుల దగ్గర బుడిపెలు ఉన్నవాళ్లలో. మీ బాపు వివరాలు చదివితే అందుకే అనుమానం వచ్చింది. ఖర్చు లేని పని ఒకటి ఉంది. మొన్న తీసిన నీటి స్లైడ్ ఆ ల్యాబ్‌లోనే ఉంటుంది. "రోగికి కీళ్లవాతం ఉంది, ఆ దృష్టితో మళ్లీ చూడండి" అని చీటీ రాయించి పంపండి. పొడవుగా తోక ఉన్న కణాలు, పాథాలజీ వాళ్లు ట్యాడ్‌పోల్ సెల్స్ అంటారు, వాటితో పాటు చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలు, చుట్టూ గరుకుగా చచ్చిన పదార్థం. ఈ మూడూ కలిసి కనిపిస్తే కీళ్లవాతానికి అది గట్టి సాక్ష్యం. కీళ్లవాతం సంగతి చీటీలో లేకపోతే చూసేవాళ్లు "క్యాన్సర్ కణాలు లేవు" అని రాసి పక్కన పెట్టేస్తారు.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది ఇది. కీళ్లవాతం నీరు చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతటదే ఇంకిపోతుంది. ఆ సమయంలో టీబీ మందులు నడుస్తుంటే, మందు పనిచేసింది, టీబీయే అని అందరూ నమ్ముతారు. నీరు తగ్గడం ఒక్కటే టీబీకి రుజువు కాదు. ఈలోపు టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కీళ్లవాతానికి ఇచ్చే స్టెరాయిడ్ బలాన్ని తగ్గిస్తుంది, పైరజినమైడ్ యూరిక్ యాసిడ్ పెంచి కీళ్ల నొప్పులు తెస్తుంది, మెథోట్రెక్సేట్ కూడా ఉంటే కాలేయం మీద భారం పడుతుంది. నొప్పులు పెరిగితే అది కీళ్లవాతమా, మందా అన్న గందరగోళం.

ఇంతే బలంగా రెండో వైపు కూడా చెప్పాలి. టీబీ కాదని తేల్చకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టడం ఇంకా ప్రమాదం. సీబీనాట్ నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు. పొరలోని నీటిలో క్రిములు తక్కువగా ఉంటాయి, ఆ పరీక్షకు చాలాసార్లు దొరకవు. అందుకే థొరకోస్కోపీ చేసి, అంటే ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి, పొర నుంచి కళ్లతో చూస్తూ ముక్క తీసి, దాన్ని బయాప్సీకి, టీబీ కల్చర్‌కు రెండింటికీ పంపడం మంచి దారి.

మెథోట్రెక్సేట్ సంగతి మీరూ నేనూ ఇక్కడ తేల్చకూడదు. ఆదివారం లోపు కీళ్ల డాక్టర్ గారికి ఫోన్ చేసి ఈ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టండి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు చాలామంది కొన్నాళ్లు ఆపమంటారు. ఈ మందు ఊపిరితిత్తికి చేసే హాని వేరేలా ఉంటుంది. ఎక్కువగా మొదలుపెట్టిన ఏడాదిలోపే, పొడి దగ్గు, జ్వరం, దమ్ముతో, రెండు ఊపిరితిత్తుల్లోనూ వస్తుంది. ఒకవైపు నీరు దాని పద్ధతి కాదు. వీలైతే ఇక్కడి డాక్టర్ గారినీ, అక్కడి డాక్టర్ గారినీ ఒకరితో ఒకరు మాట్లాడించండి. ఒకరు కీళ్లే చూసి, ఇంకొకరు నీరే చూస్తే మధ్యలో మీ బాపు నలిగిపోతారు.

అమ్మ గారికి చెప్పండి: టీబీ అయినా సరే గ్లాసుతో, పళ్లెంతో అంటుకోదు. దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరలతో వస్తుంది. తెమడ పరీక్ష చేయించండి. అది శుభ్రంగా ఉండి, సీటీలో ఊపిరితిత్తి లోపల టీబీ మచ్చలు లేకపోతే, పొరలోని నీరు పక్కవాళ్లకు పాకదు. పాపను తాత దగ్గరికి పంపొచ్చు.

భూపాలపల్లి బిడ్డ:

డాక్టర్ గారూ, మీకు చేతులెత్తి దండం. జ్వరం లేదు, చలి లేదు. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదని ఈరోజే వచ్చింది. తెమడ రెండుసార్లు నెగటివ్. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. పళ్లెం సంగతి ఇంకా ఒప్పుకోలేదు గానీ పాపను ఆపడం మానేసింది. ఆ బుడిపెలు క్యాన్సర్ కావచ్చా? సీటీ రాసినాయన "ఫాలో అప్ అవసరం" అని మాత్రం రాశారు.

గోదావరిఖని తమ్ముడు:

అక్కా, బుడిపెల గురించి నేను చెప్తా. మా నాయిన కూడా బొగ్గు బాయిలోనే, లెవెన్ ఇంక్లయిన్‌లో చేసిండు. ఆయనకూ కీళ్లవాతమే. ఒక ఎక్స్‌రేలో రెండు వైపులా గుండ్రంగా మచ్చలు కనపడితే ఒక ప్రైవేటు దవాఖానలో క్యాన్సర్ పాకిందని చెప్పి పంపారు. ఇంట్లో వారం పాటు ఎవరం సరిగా తినలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్దాయన ఫిల్ము పట్టుకుని మొదట అడిగిన ప్రశ్న, "ఏం పని చేసేవాడివి?" అని. బొగ్గు అనగానే చేతి వేళ్లు చూశారు. కాప్లాన్ సిండ్రోమ్ అన్నారు.

అప్పటి నుంచి దీని గురించి దొరికిందల్లా చదివిన. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ కాప్లాన్ అనే డాక్టర్ 1953లో ఇది రాశారు. బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తి, దాంతో పాటు కీళ్లవాతం, రెండూ ఒకే మనిషిలో కలిస్తే అర సెంటీమీటరు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా గుండ్రటి బుడిపెలు వస్తాయి. ఎక్కువగా ఊపిరితిత్తి అంచుల్లో. కొందరికి ఒక్కసారే గుంపుగా వస్తాయి, కొందరికి కీళ్ల నొప్పుల కంటే ముందే వస్తాయి. తక్కువ దుమ్ముకు కూడా రావచ్చు. రాయి పొడి, అంటే సిలికా, పీల్చినవాళ్లకూ వస్తుంది. కాబట్టి మన కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో చేసేవాళ్లకు కీళ్లవాతం ఉంటే వాళ్లూ పని సంగతి డాక్టర్‌కు చెప్పాలె.

ఒక పని చేయండి. సర్వీసులో ఉన్నప్పుడు సింగరేణి వాళ్లు పీఎంఈ అని ఆరోగ్య పరీక్షలు చేసేవాళ్లు కదా, అప్పటి ఛాతీ ఎక్స్‌రేలు ఉన్నాయేమో ఏరియా హాస్పిటల్‌లో అడగండి. ఆ మచ్చలు పాతవా, కొత్తవా అన్నది పాత ఫిల్ముతోనే తేలుతుంది. మా నాయినకు అదే అక్కరకొచ్చింది. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తి జబ్బు చట్టప్రకారం సర్కారుకు తెలియజేయాల్సిన (నోటిఫై చేయాల్సిన) జబ్బు కూడా. డాక్టర్ ఆ మాట ఫైలులో రాస్తే కాగితాలు జాగ్రత్తగా దాచండి.

ఏనుమాముల అక్క:

నాకూ కీళ్లవాతమే. నాది నీరు కాదు, ఊపిరితిత్తి గట్టిపడటం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కీళ్లవాతం ఛాతీకి చేసే పనుల్లో ఇదీ ముఖ్యమైనదే.

మా ఇల్లు మార్కెట్ యార్డుకు దగ్గర. మిర్చి సీజన్‌లో వాడకట్టంతా దగ్గుతుంది. నా పొడి దగ్గు కూడా ఆ ఘాటుకే అని ఇంట్లో అందరూ అన్నారు. యార్డు ఖాళీ అయింది, వానలు పడ్డాయి, నా దగ్గు మాత్రం పోలేదు. వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి విన్న డాక్టరమ్మ, చెప్పుల వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చప్పుడు వస్తోందని చెప్పింది. ఊపిరితిత్తిని సన్నగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌లో రెండు వైపులా కింది భాగాలు గట్టిపడి కనిపించాయి. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 96, ఆరు నిమిషాల నడక పరీక్షలో 87కి పడిపోయింది. అందుకే చెప్తున్నాను, కూర్చోబెట్టి వేలికి మెషీన్ పెట్టి బాగుందంటే సరిపోదు.

అప్పటికి కీళ్లవాతానికి లెఫ్లునమైడ్ వాడుతున్నాను. ఊపిరితిత్తి ఇలా ఉన్నవాళ్లకు అది మంచిది కాదని ఆపేశారు. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్ ఇచ్చారు, తర్వాత గట్టిపడటాన్ని నెమ్మది చేసే నింటెడానిబ్ కలిపారు. ఈ నింటెడానిబ్‌తో విరేచనాలు బాగా అయ్యాయి. 150 నుంచి 100కి తగ్గించాక తట్టుకుంటున్నాను, రెండు పూటలా అన్నం తిన్నాకే వేసుకుంటాను. కాలేయం పరీక్ష మానకూడదు. పోయిన శ్వాస తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే ఈ మందుల పని అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలా చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

చెల్లే, నీరు తగ్గాక బాపుకు పీఎఫ్‌టీ, అంటే ఊపిరి బలం చూసే పరీక్ష చేయించు, ఆక్సిజన్ రక్తంలోకి ఎంత బాగా చేరుతుందో చెప్పే డీఎల్‌సీవోతో కలిపి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి కూడా అడుగు.

ఓటీ సిస్టర్:

థొరకోస్కోపీ అన్నారు కాబట్టి ఒక్క మాట. మత్తు ఇచ్చే డాక్టర్‌కు కీళ్లవాతం సంగతి ముందే చెప్పండి. చాలా ఏళ్ల కీళ్లవాతంలో కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుతుంది. మత్తులో తల వెనక్కి వంచితే వెన్నుపాము నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిర్లు ఉంటే తప్పకుండా చెప్పండి, మెడ ముందుకూ వెనక్కూ వంచి ఎక్స్‌రే తీస్తారు. గొంతు బొంగురుపోయినా, మింగితే చెవిలోకి పోటు వచ్చినా అదీ చెప్పాలి. స్వరపేటికలో చిన్న కీళ్లు ఉంటాయి, వాటికీ ఈ వాతం వస్తుంది. అవి బిగుసుకుంటే గొంతులో ట్యూబు వేయడం కష్టం.

భూపాలపల్లి బిడ్డ:

అందరికీ చెప్పాల్సిన కబురు ఉంది. ఇక్కడి డాక్టర్ గారు స్లైడ్ మళ్లీ చూడమని చీటీ రాసిచ్చారు, ఏమీ అనుకోలేదు. పాథాలజీ వాళ్లు ఆ తోక కణాలు, పెద్ద కణాలు ఉన్నాయని రాశారు. ఆయనే కీళ్ల డాక్టర్ గారికి ఫోన్ చేసి మాట్లాడారు. మెథోట్రెక్సేట్ తాత్కాలికంగా ఆపమన్నారు. మెడ ఎక్స్‌రే బాగుంది. హైదరాబాద్‌లో థొరకోస్కోపీ అయింది. పొర మీద గింజల్లాగా ఉందట, ముక్కలు తీశారు. బయాప్సీలో కీళ్లవాతం వల్ల వచ్చిన వాపు అని వచ్చింది, టీబీ ఆనవాళ్లు లేవు, ముక్క మీద చేసిన సీబీనాట్ కూడా నెగటివ్. టీబీ కల్చర్ తేలడానికి 42 రోజుల దాకా పడుతుందన్నారు. టీబీ కోర్సు మొదలుపెట్టలేదు. తక్కువ డోసు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, దగ్గర దగ్గరగా ఎక్స్‌రే తీయించమన్నారు.

పాత పీఎంఈ ఎక్స్‌రే కోసం మా తమ్ముడు భూపాలపల్లి వెళ్లాడు, వెతుకుతామన్నారు. బుడిపెల కోసం మూడు నెలలకు మళ్లీ సీటీ రాశారు. బాపు నిన్న బిల్డింగ్ గేటు దాకా నడిచాడు.

డాక్టర్ గారూ, ఇంట్లో దేనికి జాగ్రత్తగా ఉండాలి? కీళ్లకు ఇంజెక్షన్ మొదలుపెట్టాల్సి రావచ్చని కూడా అన్నారు.

కేఎంసీ పాత విద్యార్థి:

చాలా సంతోషమమ్మా. చీటీ రాసిన డాక్టర్ గారిని వదులుకోకండి.

కల్చర్ జవాబు వచ్చేదాకా ఈ కథ ముగిసినట్టు కాదు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే చెప్పండి. ఇంజెక్షన్ అంటే ఏ రకమో అడగండి. వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే రకం అయితే దాగి ఉన్న టీబీని లేపగలదు, కాబట్టి ముందు దాగిన టీబీ కోసం ఐజీఆర్ఏ రక్తపరీక్ష గానీ మాంటూ చర్మ పరీక్ష గానీ చేయాల్సిందే. నీరు మళ్లీ మళ్లీ చేరి నెలల తరబడి ఉండిపోతే పొర మందమై ఊపిరితిత్తి విచ్చుకోలేక అలాగే ఉండిపోతుంది, అందుకే ఎక్స్‌రే తేదీలు తప్పించకండి. బీడీ తాగిన మనిషి, బొగ్గులో పనిచేసిన మనిషి కాబట్టి మూడు నెలల సీటీ అసలే తప్పకూడదు. బుడిపె పెరిగితే దాని నుంచి కూడా ముక్క తీయాలి. కాప్లాన్ అనుకుని క్యాన్సర్‌ను వదిలేయకూడదు.

ఇంకొకటి అరుదే గానీ మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అంచున ఉన్న ఆ బుడిపెలు లోపల మెత్తబడి పొరలోకి పగలొచ్చు. అప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఉన్నట్టుండి ఒకవైపు నొప్పి, నిమిషాల్లో పెరిగే దమ్ము వస్తే పొద్దున చూద్దాం అనుకోకండి, ఎంత రాత్రయినా 108కి ఫోన్ చేయండి. బయాప్సీ రిపోర్టు, సీటీ సీడీ ఒకే కవర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌కు మొదటే చెప్పండి: "కీళ్లవాతం ఉంది, ఊపిరితిత్తి అంచున బుడిపెలు ఉన్నాయి, కుడివైపు పొర నుంచి ఈ మధ్యే ముక్క తీశారు."